పల్నాటి నేల పిలిచే శాస్త్రవేత్తలు

పిడుగురాళ్ళ మండలంలోని గుత్తికొండ బిలం పల్నాడులో తెలియనివాళ్ళు లేరు. ముచుకుందుడు నిద్రపోయిన గుహ ఇదేనని స్థలపురాణం చెబుతుంది. తొలి ఏకాదశికి చుట్టుపక్కల ఊళ్ళ జనం తరలివస్తారు. చీకట్లో వంగి వంగి లోపలికి నడిచి, మడుగు నీళ్ళు నెత్తిన చల్లుకుని, తడిబట్టలతో బయటికి వస్తారు. సున్నపురాతి కడుపులోని ఆ చీకటి నీళ్ళలో ఒక చిన్న ప్రాణి బతుకుతోంది. దానికి కళ్ళు లేవు, ఒంటికి రంగు లేదు. తడిసిన పూలకుండీని పక్కకు జరిపితే కింద బిలబిలమంటూ కనిపించే బూడిదరంగు పురుగులు ఉంటాయి కదా, వాటికి ఇది దూరపు చుట్టం.

శాస్త్రలోకంలో దీనికి 2011లో పేరు పెట్టారు. ఆంధ్రకాయిడిస్ షాబుద్దీన్. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం బోధించిన ఆచార్య ఏనుముల రంగారెడ్డి, సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియంకు చెందిన జార్జ్ విల్సన్ కలిసి దీని అంగాంగాన్నీ వర్ణిస్తూ ఆ మ్యూజియం పత్రికలో వ్యాసం రాశారు. పల్నాడు బిలంలోని ప్రాణికి ఆస్ట్రేలియా మ్యూజియంతో పనేమిటని అనిపించవచ్చు. అసలు కథ అక్కడే ఉంది.

ఈ జీవి కుటుంబం పేరు హిప్సిమెటోపిడే. దాని దాయాదులు కొందరు కాశీ ప్రాంతపు బావుల్లో ఉన్నారని 1950లోనే తేలింది. మరికొందరు ఎక్కడో పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ఎండునేల కింద, ఇంకా దిగువన టాస్మానియా దీవిలో ఉన్నారు. వీటిలో ఏదీ సముద్రపు ఉప్పునీళ్ళలో ఈదగలిగిన ప్రాణి కాదు. మరి ఇంత దూరం ఎలా చెదిరిపోయాయి? ఆ జీవి ఎక్కడికీ పోలేదు. దాని కింద నేలే కదిలింది. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందటిదాకా మన దేశపు నేల, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకే ఖండంగా అతుక్కుని ఉండేవి. ఆ ఖండం చీలి మన ముక్క ఉత్తరానికి జరుగుతూ వచ్చినప్పుడు, భూగర్భ జలంలో ఉన్న ఈ వంశం కూడా దాంతోపాటే వచ్చింది. ఈ జీవులు చెందిన పెద్ద వర్గానికి దాదాపు 30 కోట్ల ఏళ్ళ నాటి శిలాజాలు దొరికాయి. అంటే డైనోసార్లు పుట్టకముందు నుంచి ఉన్న వంశమన్నమాట. ఖండాలు కదిలాయని పాఠ్యపుస్తకంలో పటం గీసి చూపిస్తారు. దానికి బతికున్న సాక్షి పిడుగురాళ్ళ పక్కనే ఉంది.

ఇలాంటి ప్రాణులను వెతికి, గుర్తించి, వాటి చరిత్ర రాసేవాళ్ళు ఉన్నారని, అది జీతం వచ్చే ఉద్యోగమని మన పిల్లలకు చెప్పేవాళ్ళు ఎందరు? నరసరావుపేటలోనో మాచర్లలోనో పదో తరగతి పాసైన పిల్లవాడి ముందు రెండే ద్వారాలు తెరుచుకుంటాయి. ఎంపీసీ అయితే ఇంజినీరింగు, బైపీసీ అయితే డాక్టరు. ఆ రెండూ అందకపోతే డిగ్రీ. అదేదో ఓడిపోయినవాళ్ళు చేరే చోటన్నట్టు ఆ మాట అంటారు. ఇది నాకు మింగుడుపడని విషయం. ఎందుకంటే ఈ జిల్లా నేలలో, నీళ్ళలో, పంటలో, అడవిలో శాస్త్రవేత్త అవసరం పడే ప్రశ్నలు ఇంకా ఎన్నో జవాబు లేకుండా ఉన్నాయి. వాటిలో చాలావాటికి దారి ఆ డిగ్రీ నుంచే మొదలవుతుంది.

భూగర్భజల జీవశాస్త్రవేత్త పని ఎలా ఉంటుందో కాస్త దగ్గర నుంచి చూద్దాం. రైతు పొలంలో బోరు మోటారు వేయించి, నీళ్ళు పడే గొట్టం మూతికి సన్నని జాలీ వల కడతారు. తలవెంట్రుకంత మందం ఉన్న ప్రాణి కూడా దాటిపోలేనంత సన్నగా ఉంటాయి ఆ కన్నాలు. నీళ్ళు చాలాసేపు వదిలాక వల అడుగున మిగిలిన చెత్తను సీసాలోకి కడుగుతారు. కృష్ణ ఒడ్డున అయితే ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళను వడకడతారు. ఏటి ఇసుక రేణువుల సందుల్లో బతికే జీవులు కొన్ని ఉన్నాయి. బాతినెల్లిడ్లు అనే వర్గం అలాంటిది. మిల్లీమీటరు పొడవు, దారప్పోగులాంటి ఒళ్ళు. మన రాష్ట్రపు ఇసుకల్లోంచి, బోర్లలోంచి వాటిలో ఎన్నో కొత్త జాతులను వెలికితీసి లోకానికి చూపింది రంగారెడ్డి గారి బృందమే.

ప్రయోగశాలకు వచ్చాక అసలు ఓపిక పరీక్ష మొదలవుతుంది. సూక్ష్మదర్శిని కింద గ్లిజరిన్ చుక్కలో ఆ ప్రాణిని పెట్టి, సన్నని సూదులతో ఒక్కొక్క కాలునూ, ఒక్కొక్క మీసాన్నీ విడదీయాలి. కెమెరా లూసిడా అనే అద్దాల అమరిక సాయంతో కంటికి కనబడేదాన్ని కాగితం మీదికి గీయాలి. మూడో కాలి మీద నూగు ఎన్ని వరసలుంది, మీసంలో కణుపులెన్ని, అన్నీ లెక్కే. ఫొటో తీస్తే సరిపోదా అంటే సరిపోదు. ఒకే ఫొటోలో అన్ని లోతులూ స్పష్టంగా రావు. ఏది ముఖ్యమో చూడగలిగేది శిక్షణ పొందిన కన్నే. బొమ్మలు బాగా గీసే పిల్లలను చదువులో వెనకబడతావని మందలిస్తుంటాం. జీవశాస్త్రంలో ఆ చేయి ఎంత విలువైనదో తెలిస్తే ఆ మాట అనం.

ఈ జీవుల వల్ల మనకేం లాభమని అడిగేవాళ్ళకు కూడా జవాబు ఉంది. నేల కింద నీళ్ళలో సూక్ష్మజీవులనూ, కుళ్ళిన పదార్థాన్నీ తింటూ రాతి సందులు పూడిపోకుండా చూసేవి ఇవే. ఇవి కనుమరుగైతే ఆ నీటికి ఏదో జరిగిందని అర్థం. పల్నాడుకు సున్నపురాయి కూడు పెడుతోంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ళ క్వారీలు, అన్నీ దాని మీదే నిలిచాయి. తవ్వకం ఆగాలని నేననడం లేదు. ఎక్కడ తవ్వాలో, ఎక్కడ వదిలేయాలో చెప్పడానికి కింద ఏముందో తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. ఒక గుహకే పరిమితమైన జీవి ఆ గుహతో పాటే పోతుంది. దాన్ని మళ్ళీ తెచ్చే మార్గం లేదు.

గుహ దాటి పొలంలోకి వద్దాం. 2021 చివర్లో పల్నాడు మిర్చి రైతుకు ఏం జరిగిందో ఎవరూ మరిచిపోలేదు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని మన రైతులందరికీ తెలుసు. ఈసారి వచ్చింది ఆ లెక్కకు అందలేదు. నల్లటి సన్నని పురుగులు పువ్వుల్లో గుంపులు గుంపులుగా చేరాయి. పూత రాలిపోయింది, పిందె నిలవలేదు. తెలిసిన మందులన్నీ కొట్టారు, ఒకదానిలో ఒకటి కలిపి కొట్టారు. పురుగు తగ్గలేదు సరికదా, దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చాయి. పెట్టుబడి మట్టిలో కలిసి, నిలువుపంటను దున్నేసినవాళ్ళు ఉన్నారు.

అదీ ఒక రకం తామర పురుగే, పేరు త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. మన దేశంలో ఇది ఉందని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరులో బొప్పాయి చెట్ల మీద. గుర్తించినవాళ్ళు పురుగుల వర్గీకరణ శాస్త్రవేత్తలు. అంటే మిర్చి మీద పడడానికి ఆరేళ్ళ ముందే మన దేశంలో కొందరు దాని జాతకం రాసిపెట్టారు. పొలంలో కొత్త పురుగు కనబడగానే ఇది ఫలానా అని తేల్చగలిగామంటే వాళ్ళ పుణ్యమే.

తేల్చడం ఎలాగంటే, ఆ పురుగు పొడవు మిల్లీమీటరు. దాన్ని గాజు పలక మీద రెక్కలు విప్పి, మీసాలు చాచి, పారదర్శకమైన జిగురులో శాశ్వతంగా పొదగాలి. మీసానికి కణుపులు ఏడా ఎనిమిదా? ముందు రెక్క ఈనె మీద వెంట్రుకల వరస తెగకుండా సాగిందా, మధ్యలో ఖాళీ ఉందా? ఇలాంటి ఆనవాళ్ళ మీదే ఒక జాతికీ మరో జాతికీ తేడా తేలుతుంది. అనుమానం తీరకపోతే డీఎన్ఏ ముక్కను చదివి సరిచూస్తారు. పేరు తేలిందంటే దాని వెనకే దాని స్వభావమంతా తెలిసిపోతుంది. ఏ దేశంలో ఏ పంటలు తింటుంది, పువ్వులో ఉంటుందా ఆకు కింద ఉంటుందా, దాన్ని తినే శత్రువులేవి, ఏ రంగుకు ఆకర్షపడుతుంది. పొలాల్లో నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని చెప్పింది ఆ జ్ఞానంతోనే. పేరు తెలియని పురుగు మీద మందు కొట్టడమంటే రైతు డబ్బును గాలిలో చల్లడమే.

మద్రాసు లయోలా కళాశాలలో టి.ఎన్. అనంతకృష్ణన్ అనే ఆచార్యుడు తన జీవితంలో ఎక్కువ భాగం ఈ తామర పురుగులకే ఇచ్చారు. తర్వాత జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు అధిపతి అయ్యారు. మిల్లీమీటరు పురుగు కోసం ఒక జీవితమా అని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే, 2021 నాటి మిర్చి రైతు దానికి జవాబు చెప్పేవాడు. వర్గీకరణ తెలిసినవాళ్ళు దేశంలో తగ్గిపోతున్నారు, పాతవాళ్ళు రిటైరవుతుంటే వాళ్ళ చోటుకు కొత్తవాళ్ళు రావడం లేదు. రేపు మరో కొత్త పురుగు రాక మానదు. దాన్ని చూసి పేరు చెప్పే మనిషి మిర్చి పండించే జిల్లా నుంచి రావాలని కోరుకోవడం అత్యాశ కాదు.

మిర్చి కల్లం మీద మొదలై ప్రయోగశాలలో తేలే కొలువు ఇంకొకటి ఉంది. కారం కొలవడం. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు మిరప సారాన్ని చక్కెర నీళ్ళలో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవాళ్ళ నాలుకకు మంట తెలియని దశను బట్టి అంకె ఇచ్చాడు. ఇప్పుడు ఆ పని యంత్రానిది. కారానికి మూలమైన కాప్సైసిన్‌ను ద్రవ క్రొమటోగ్రఫీతో వేరుచేసి తూకం చెబుతారు. గుంటూరులో స్పైసెస్ బోర్డు ప్రయోగశాల ఉంది, ఎడ్లపాడు మండలం వంకాయలపాడులో సుగంధ ద్రవ్యాల పార్కు ఉంది. కాయలు సరిగా ఆరకపోతే పట్టే బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. మసాలా దినుసుల్లో దాని ప్రధాన రూపమైన బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు దాటితే యూరప్ ఆ సరుకును రానివ్వదు. కిలోలో వంద కోట్ల వంతుల్లో అయిదు వంతులు! ఆ ఇసుమంతను పట్టుకునే రసాయన శాస్త్రవేత్త చేతిలో కంటెయినర్ల కొద్దీ సరుకు భవితవ్యం ఉంటుంది. కెమిస్ట్రీ ఇష్టపడే పిల్లలకు ఇది ఇంటి దగ్గర ఉన్న కొలువు.

ఇక వజ్రాల సంగతి. బెల్లంకొండ మండలంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు ఉండేది. ఇప్పుడు పులిచింతల జలాశయం అడుగున ఉంది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో ఆ గనికి వచ్చినప్పుడు అరవై వేల మంది అక్కడ పనిచేస్తున్నారని రాశాడు. చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతున్న ఒక పేదవాడికి దాదాపు 25 క్యారట్ల రాయి దొరకడంతో ఆ గని మొదలైందని కూడా రాశాడు. ఆయన మన దేశం నుంచి పట్టుకెళ్ళి ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మిన నీలి వజ్రం కొల్లూరుదేనని పరిశోధకుల అభిప్రాయం. అదే సానపట్టి సానపట్టి 45.52 క్యారట్ల హోప్ వజ్రమైంది. 1958 నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. కోహినూరు పేరు కూడా కొల్లూరుతో కలిపి చెబుతారు గాని దానికి అంత గట్టి రుజువులు లేవు.

హోప్ వజ్రం మీద అతినీల కిరణాలు పడనిచ్చి, దీపం ఆర్పేస్తే, నిప్పుకణికలా ఎర్రగా కాసేపు వెలుగుతుంది. నీలిరంగుకు కారణం అందులో చిక్కుకున్న బోరాన్. పది లక్షల కార్బన్ పరమాణువుల మధ్య బోరాన్ పరమాణువు ఒకటి కూడా పూర్తిగా ఉండదు, అంత తక్కువ. భూమి పై పొరల్లో ఉండే ఈ మూలకం వజ్రంలోకి ఎలా దూరింది? 2018లో ఎవాన్ స్మిత్ బృందం 46 నీలి వజ్రాలను పరీక్షించి నేచర్ పత్రికలో జవాబు రాసింది. వజ్రం పెరిగేటప్పుడు లోపల చిక్కుబడిపోయిన ఖనిజపు నలుసులను అది చదివింది. ఆ నలుసుల్లో కొన్ని 660 కిలోమీటర్ల లోతున, అక్కడి ఒత్తిడిలో తప్ప పుట్టేవి కావు. సముద్రపు అడుగు నేల భూగర్భంలోకి కుంగినప్పుడు తనతో తీసుకుపోయిన బోరాన్ అంత లోతుదాకా చేరిందన్నమాట. మిగిలిన వజ్రాల్లో చాలావరకు పుట్టేది 150, 200 కిలోమీటర్ల లోతులోనే.

ఇక్కడ నన్ను కట్టిపడేసేది ఆ పని తీరు. కోట్ల రూపాయల వజ్రాన్ని పగలగొట్టనివ్వరు. లేజర్ కాంతిని లోపలి నలుసు మీదికి పంపి, చెదిరి వచ్చే కాంతిలోని తేడాను బట్టి అది ఏ ఖనిజమో చెబుతారు. రామన్ స్పెక్ట్రోస్కోపీ అంటారు దీన్ని, మన సి.వి. రామన్ 1928లో కనిపెట్టిన సూత్రం. పుచ్చకాయను కోయకుండా తట్టి చూసి పండిందో లేదో చెప్పే సంతలోని ముసలాయన నేర్పు లాంటిదే ఇది. ఇలాంటి రత్న శాస్త్రజ్ఞులు మ్యూజియంలలో, పరీక్షా కేంద్రాల్లో పనిచేస్తారు. పారిస్ మ్యూజియంలో ఫ్రాన్సువా ఫార్జ్ అనే ఖనిజ శాస్త్రజ్ఞుడు సొరుగుల్లో మరుగునపడ్డ ఒక సీసపు అచ్చును గుర్తుపట్టి, అది ఫ్రెంచి రాజుల దగ్గర దొంగలు ఎత్తుకుపోయిన నీలి వజ్రం నమూనా అని, దాన్ని కోయగా వచ్చిందే హోప్ అని తేల్చాడు. అపరాధ పరిశోధన ఇష్టమైనవాళ్ళకు అంతకన్నా మంచి ఉద్యోగం ఏముంటుంది?

పల్నాడులో భూవిజ్ఞానానికి పని ఎప్పుడూ ఉంది. పల్నాడు దాకా సాగే కడప, కర్నూలు శిలల మీద విలియం కింగ్ పెద్ద గ్రంథం 1872లోనే వచ్చింది. బొల్లాపల్లి మండలం బండలమొట్టులో హిందుస్థాన్ జింక్ ఒకప్పుడు సీసం తీసింది. 2020 జనవరి 26 తెల్లవారుజామున పులిచింతల పరిసరాల్లో 4.6 తీవ్రతతో భూమి కంపించి, ఊళ్ళు ఉలిక్కిపడి లేచాయి. ఇలాంటప్పుడు ప్రకంపనల లోతెంత, దిశ ఏమిటి అని లెక్కకట్టేది హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) భూకంప శాస్త్రవేత్తలు. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచి గ్రాఫు చదివే ఉద్యోగం అది.

నాగార్జునకొండ గురించి చెప్పకుండా పల్నాడు శాస్త్రం గురించి రాయలేం. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు ఒక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసన విభాగంలో తెలుగు సహాయకుడుగా ఉన్న సరస్వతి వచ్చి చూశారు. తర్వాత 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల విజయపురి, బౌద్ధ విహారాలు, స్తూపాలు బయటపడ్డాయి. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. ఆ నీళ్ళొస్తే లోయంతా మునిగిపోతుంది. అందుకని పునాదిరాయికి ముందే మొదలుపెట్టి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయను ఆ మూల నుంచి ఈ మూలకు తవ్వి నమోదు చేశారు. పాతరాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు కట్టడాల దాకా ఒకే లోయలో వరసగా దొరికాయి. ముఖ్యమైన కట్టడాలను ఇటుక ఇటుకగా విప్పి కొండ మీద, అనుపు దగ్గర మళ్ళీ కట్టారు. దీవి మీద మ్యూజియం 1966లో తెరిచారు. ఆ తవ్వకాల నివేదిక మొదటి సంపుటి 1975లో, రెండో సంపుటి 2006లో వచ్చాయి. ఆరేళ్ళ తవ్వకానికి దాదాపు అర్ధశతాబ్దం రాత. పురావస్తు శాస్త్రంలో గడ్డపార పని తక్కువ, కాగితం పని ఎక్కువ అని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ వద్దు.

ఆనాడు సుబ్రహ్మణ్యం బృందం చేతిలో లేని పద్ధతులు ఈనాడు ఎన్నో ఉన్నాయి. పాత పొయ్యిలోని బూడిద మట్టిని నీళ్ళలో కలిపితే, బొగ్గయిన గింజలు పైకి తేలతాయి. వాటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి ఇవి ఉలవలు, ఇవి పెసలు, ఇవి కొర్రలు అని చెప్పే పురా వృక్షశాస్త్రవేత్తలు ఉన్నారు. ఈ ద్రావిడ నేలలో నాలుగైదు వేల ఏళ్ళ కిందట మనవాళ్ళు ఏం తిన్నారో అలాగే తెలిసింది. ఇసుక రేణువు చివరిసారి వెలుతురు చూసి ఎన్నేళ్ళయిందో లెక్కించేవాళ్ళున్నారు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతం నుంచి వచ్చిపడ్డ బూడిద పొరకు పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయి. వాటి వయసు అలాంటి పద్ధతులతోనే తేలింది. నీళ్ళలో ఈతకొట్టి తవ్వేవాళ్ళూ ఉన్నారు. భారత పురావస్తు శాఖలో నీటి అడుగు పరిశోధన విభాగం 2001లో ఏర్పడింది. ఊళ్ళకు ఊళ్ళు జలాశయాల కింద ఉన్న మన ప్రాంతపు పిల్లలు ఆ విద్య నేర్చుకోవడానికి ఎవరికన్నా ఎక్కువ అర్హులు.

మాచర్ల దగ్గర చంద్రవంక వాగు ఎత్తిపోతల దగ్గర దూకుతుంది. అక్కడ అటవీ శాఖ మొసళ్ళ పెంపక కేంద్రం ఉంది. చూసివచ్చినవాళ్ళకు ఒక ముచ్చట చెప్పాలి. మన మగ్గర్ మొసలి గుడ్డులో పిల్ల ఆడదా మగదా అనేది గుడ్డు పెట్టేటప్పటికి నిర్ణయమై ఉండదు. గూట్లో వేడిని బట్టి తేలుతుంది. 31 డిగ్రీల లోపు అయితే ఆడవి, 32.5 దగ్గర ఎక్కువగా మగవి. ఎండలు పెరుగుతున్న కాలంలో దీని లెక్క చూసే మనిషి కావాలి కదా. ఆ పైన నల్లమలకు పోతే నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలోనే అతిపెద్దది. ఒకప్పుడు అడుగుజాడలు చూసి పులులను లెక్కపెట్టేవారు. ఇప్పుడు చెట్లకు కెమెరాలు కట్టి, చారలను బట్టి ఒక్కొక్క పులినీ గుర్తిస్తారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఈ కెమెరా పద్ధతిని మన దేశంలో నిలబెట్టిన ఉల్లాస్ కరంత్ మొదట చదివింది మెకానికల్ ఇంజినీరింగు. ఇంజినీరింగులో చేరిపోయాం, ఇక అంతే అనుకునే పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. జాడ పట్టడంలో చెంచులకు ఉన్న విద్య ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకదు. ఆ పిల్లలు శాస్త్రవేత్తలుగా ఈ అడవిలోకి తిరిగివచ్చే రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను.

ఈ దారుల్లో కష్టం లేదని చెప్పడం అబద్ధమవుతుంది. ఉద్యోగాలు తక్కువ, చదువు పొడవు. డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ కలిపి పదేళ్ళు పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో చేరిన తోటివాళ్ళు ఇల్లు కట్టుకుంటున్నప్పుడు మనం ఇంకా హాస్టల్లో ఉంటాం. అయినా పిల్లవాడు గాలిలో దీపం పెట్టి కూర్చోవాల్సిన పని లేదు. యూజీసీ, సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తోంది. ఇంటికి భారం కాకుండా చదువుకోవచ్చు.

తలుపులు ఎక్కడున్నాయో చెబుతాను. తిరుపతిలో శాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్ 2015లో మొదలైంది. ఎంపీసీ చదివినా బైపీసీ చదివినా ఐసర్ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. జియాలజీలో పీజీ చేసినవాళ్ళకు యూపీఎస్సీ జియోసైంటిస్ట్ పరీక్ష పెడుతుంది, దాని ద్వారా జియలాజికల్ సర్వేలో చేరవచ్చు. ఆ సంస్థ శిక్షణ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. జువలాజికల్ సర్వేకు మంచినీటి జీవుల విభాగం హైదరాబాద్ అత్తాపూర్‌లో ఉంది. వన్యప్రాణి శాస్త్రంలో పీజీకి డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, పురావస్తు శాస్త్రానికి పుణె దక్కన్ కాలేజీ, శిలాజాలకు లక్నోలోని బీర్బల్ సహానీ సంస్థ. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో జియాలజీ 1941 నుంచి ఉంది.

పల్నాడులో డిగ్రీ, ఇంటర్ పిల్లలకు జువాలజీ, బోటనీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ చెప్పే అధ్యాపకులకు ఒక మనవి. ఏడాదికి ఒక్క రోజు తరగతి గదికి తాళం వేయండి. పిల్లలను అనుపుకు తీసుకెళ్ళండి, ఎత్తిపోతలకు తీసుకెళ్ళండి, క్వారీ అంచుకు తీసుకెళ్ళి రాతి పొరలు చూపించండి, మిర్చి చేలో ఒక పువ్వు తుంచి తెల్లకాగితం మీద దులపమనండి. ఒక్కొక్కరి చేతిలో వంద రూపాయల భూతద్దం పెట్టండి. రాలిన నల్ల చుక్కలు ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ పిల్ల పేరు రాసుకోండి, వాళ్ళింటికి వెళ్ళి అమ్మానాన్నలతో మాట్లాడండి.